గురు లఘువులు: ఆంగ్లపదములలో బలాఘాత చరిత్ర



సంప్రదాయజ్ఞుల గోష్ఠులలో ఆంగ్లభాషను గూర్చి రెండు మాటలు తరచుగా వినవచ్చును. ఆంగ్లము నియమరహితమైన భాష, దాని ఉచ్చారణకు శాస్త్రము లేదు అనునది మొదటి మాట. పాశ్చాత్యులు చెప్పిన ధ్వనినియమములన్నియు మన వేదాంగములనుండి గ్రహించినవే అనునది రెండవ మాట. ఒకటి తిరస్కారము, మరొకటి అతిశయము. రెండింటికిని మూలము ఒక్కటే: విచారణకు ముందే నిర్ణయము చేయుట. ఆంగ్లపదములో ఊనిక ఏ అక్షరముపై పడును, ఎందుకు పడును అను ప్రశ్నను చరిత్రక్రమములో పరిశీలించినచో మొదటి మాట అసత్యమనియు, రెండవది అర్ధసత్యమనియు తేలును. ఆ అర్ధసత్యములో సత్యమైన భాగము ఎంతయో తెలిసికొనుట జిజ్ఞాసువులకు మేలు.

స్వరము, మాత్ర, బలము

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఉచ్చారణశాస్త్రములో తెలిసికొనవలసిన ఆరు అంశములను పేర్కొనును. వానిలో స్వరము, మాత్ర, బలము అను మూడును వేర్వేరుగా చెప్పబడినవి. స్వరమనగా ధ్వని యొక్క ఉచ్చనీచస్థితి. ఉదాత్త, అనుదాత్త, స్వరితములు దాని భేదములు. మాత్ర యనగా ఉచ్చారణకాలము. బలమనగా ప్రయత్నవిశేషము. ఈ మూడింటిని ఒకదానితో ఒకటి కలపక విడదీసి చూచుట ప్రాచీనుల దృష్టిలోని నైశిత్యము.

ఆంగ్లములో ఊనిక యనబడునది ప్రధానముగా బలమునకు సంబంధించినది. ఊనిక పడిన అక్షరము మిక్కిలి స్పష్టముగా, దృఢముగా పలుకబడును; పడని అక్షరములలోని అచ్చులు క్షీణించి, ఒక అస్పష్టమైన హ్రస్వధ్వనిగా మారును. తెలుగులో ప్రతి అచ్చును తన పూర్ణరూపముతో నిలుచును. ఊనిక మార్చినంతమాత్రమున పదార్థము మారదు. ఈ కారణముననే తెలుగువారికి ఆంగ్లబలాఘాతము కాకతాళీయముగా తోచును. కాని ఆ బలము ఎక్కడ నిలువవలెనో నిర్ణయించునది చాలవరకు మాత్రాసంబంధమైన గురుత్వమే. బలమును మాత్ర శాసించుట అను ఈ విషయమే ప్రస్తుత విచారణకు కేంద్రము.

హ్రస్వము వేరు, లఘువు వేరు

పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ద్వితీయపాదములోని 27వ సూత్రమున హ్రస్వ, దీర్ఘ, ప్లుతములను నిర్వచించెను. లఘు, గురు సంజ్ఞలను మాత్రము అదే అధ్యాయములోని చతుర్థపాదమున 10, 11, 12 సూత్రములలో వేరుగా చెప్పెను. హ్రస్వాచ్చు లఘువు, అయితే సంయుక్తాక్షరము పరమైనచో ఆ హ్రస్వమే గురువగును, దీర్ఘమును గురువే. ఒకే అచ్చు హ్రస్వముగా ఉండియే గురువు కాగలదు. అచ్చు యొక్క దైర్ఘ్యము ఒకటి, అక్షరము యొక్క భారము మరొకటి అను వివేకము ఇందు స్పష్టముగా కలదు. తైత్తిరీయ ప్రాతిశాఖ్యము, ఋక్ప్రాతిశాఖ్యము, పింగళుని ఛందశ్శాస్త్రము ఈ గురులఘు వివేకమునే తమ తమ ప్రయోజనములకు వినియోగించినవి. తెలుగునాట పాఠశాలవిద్యార్థి పద్యపాదమునకు గణవిభజన చేయునపుడు వాడునదియు ఇదియే.

గ్రీకు, లాటిన్ వ్యాకర్తలకు ఈ భారభేదము వినబడకపోలేదు. కాని పరిభాష చిక్కులు తెచ్చినది. వారు అచ్చును, అక్షరమును రెండింటిని దీర్ఘమనియే పిలిచిరి. దీర్ఘాచ్చు గలది స్వభావముచేత దీర్ఘమనియు, సంయోగమునకు ముందున్నది స్థానముచేత దీర్ఘమనియు విభజించిరి. దీనివలన తరువాతి కాలములో కొందరు సంయోగమునకు ముందున్న హ్రస్వాచ్చే దీర్ఘముగా మారునని భ్రమపడిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పండితుడైన విలియం సిడ్నీ ఆలెన్ 1965లో ప్రకటించిన వాక్స్ లాటినా గ్రంథములో ఈ భ్రమను ఎత్తిచూపి, అచ్చులకు హ్రస్వదీర్ఘములు, అక్షరములకు లఘుగురువులు అను భారతీయ పరిభాషావిభాగమే మేలైనదని నిరూపించెను. అంతకు ముందు 1953లోనే ప్రాచీన భారతీయ ధ్వనిశాస్త్రముపై ప్రత్యేకగ్రంథము వ్రాసినవాడు ఆయన.

రోమునగర నియమము

ఆంగ్లబలాఘాత చరిత్రకు మూలస్థానము భారతము కాదు, రోము. లాటిన్ భాషలో ఊనికస్థానము ఉపాంత్యాక్షర భారముచేత నిర్ణయింపబడెడిది. చివరినుండి రెండవ అక్షరము గురువైనచో ఊనిక దానిపై నిలుచును. అది లఘువైనచో ఊనిక ఒక అక్షరము వెనుకకు జరిగి, చివరినుండి మూడవ అక్షరముపై నిలుచును. రెండే అక్షరములున్న పదములలో మొదటిదానిపై పడును. క్రీస్తుశకము మొదటి శతాబ్దికి చెందిన వాగ్మితాచార్యుడు క్వింటిలియన్ తన బోధనగ్రంథములో ఈ నియమమును చెప్పియున్నాడు.

తెలుగువారు అనుదినము పలుకు ఆరు మాటలను తీసికొనవచ్చును: అజెండా, కరోనా, మెమొరాండం, కెమెరా, ఫార్ములా, మినిమం. ఆరును లాటిన్ పదములే. అజెండాలో ఉపాంత్యము హల్లుతో ముగియుటచే గురువు. కరోనాలో ఉపాంత్యమున దీర్ఘాచ్చు కలదు కనుక అదియు గురువు. మెమొరాండంలో రాన్ అను భాగము హలంతమగుటచే గురువు. ఈ మూడింటిలోను ఊనిక ఉపాంత్యముపైననే పడును. కెమెరాలో మె, ఫార్ములాలో ము, మినిమంలో ని లఘువులు. అందుచే ఊనిక వెనుకకు జరిగి కె, ఫార్, మి అను ఆద్యక్షరములపై నిలుచును. రెండువేల ఏండ్ల క్రిందట రోమునగరవాసి ఏ అక్షరముపై ఊనిక నిలిపెనో, నేటి ఆంగ్లేయుడు ఈ మాటలలో ఆ అక్షరముపైననే నిలుపుచున్నాడు. అమెరికా అను దేశనామము సయితము అమెరిగో వెస్పూచి పేరును లాటిన్ రూపమునకు మార్చి 1507 నాటి పటములో ముద్రించినది. అందు రి లఘువు కనుక మె పై ఊనిక.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. తెలుగులిపిలో ఈ పదముల చివర దీర్ఘము కనబడును. ఆంగ్లములో ఆ అంత్యాచ్చు క్షీణించిన హ్రస్వధ్వని మాత్రమే. లిపిని చూచి గణములు కట్టరాదు, ధ్వనిని విని కట్టవలెను.

ఆంగ్లభూమిలో ప్రాచీనస్థితి

ఈ నియమము ఆంగ్లమునకు జన్మసిద్ధము కాదు. ప్రాచీనాంగ్లము జర్మానిక్ భాషాకుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములో ఊనిక ధాతువు యొక్క ఆద్యక్షరముపై నిలుచును. గురువా లఘువా అను విచారము దానికి అక్కరలేదు. వాటర్, ఫాదర్, ఫాలో వంటి దేశ్యపదములు నేటికిని ఆదియందే ఊనికను ధరించుచున్నవి. బికమ్, ఫర్గివ్ వంటి క్రియలలో ఆదిని ఉన్నది ఉపసర్గ కనుక ఊనిక దానిని విడిచి ధాతువును చేరును.

అయినను గురులఘు భేదము ప్రాచీనాంగ్లములో నిష్క్రియముగా లేదు. ఒక వర్గపు నపుంసకలింగ శబ్దములకు బహువచనములో ఉ అను ప్రత్యయము చేరెడిది. ప్రాతిపదికాక్షరము లఘువైనచో ఆ ఉకారము నిలిచినది, గురువైనచో లోపించినది. నౌకను తెలుపు పదము లఘువు కనుక బహువచనములో ఉకారాంతమైనది. గొఱ్ఱెను తెలుపు షీప్, జింకను తెలుపు డీర్ అను పదముల ప్రాచీనరూపములు గురువులు కనుక ప్రత్యయమును కోల్పోయి, ఏకవచన బహువచనములు ఒకే రూపముగా మిగిలినవి. తరువాతి కాలములో నౌకావాచకమునకు సకారాంత బహువచనము వచ్చినది. షీప్, డీర్ శబ్దములు మాత్రము నేటికిని మారలేదు. ఒకటి యైనను పది యైనను షీప్ అనియే ఏల అనవలెనని పాఠశాలలో ప్రశ్నించు బాలునికి, వేయి సంవత్సరముల నాటి గురులఘు భేదమే సమాధానము.

1066 తరువాత

1066లో నార్మండీ ప్రభువైన విలియం హేస్టింగ్స్ యుద్ధములో విజయము పొంది ఇంగ్లండు సింహాసనమును అధిష్ఠించెను. రాజసభ, న్యాయస్థానము, ఉన్నతవర్గముల వ్యవహారము ఫ్రెంచిలోనికి మారినవి. మఠములలోను విద్యాస్థానములలోను లాటిన్ కొనసాగినది. వేలకొలది పదములు ఆంగ్లములో ప్రవేశించినవి. ఫ్రెంచి పదములకు ఊనిక అంత్యభాగమునకు చేరువలో ఉండెడిది. ఆంగ్లేయుల నాలుకకు ఆదియందు ఊనిక అలవాటు. ఈ రెండు ప్రవృత్తులు చాలకాలము సంఘర్షించినవి. 1400లో మరణించిన కవి జెఫ్రీ ఛాసర్ కృతులలో ఒకే ఫ్రెంచి పదము ఒకచోట ఆదియందును, వేరొకచోట అంతమందును ఊనికతో కనబడుట ఈ సంఘర్షణకు సాక్ష్యము.

పదునారవ శతాబ్దినుండి విద్యాపునరుజ్జీవనముతో లాటిన్ పదములు నేరుగా, విస్తారముగా ప్రవేశించినవి. ఆ పదములను తెచ్చినవారు లాటిన్ అభ్యసించిన పండితులు. పదముతోపాటు ఊనికస్థానమును తెచ్చిరి. మొదట ఒక్కొక్క పదమునకు అంటియుండిన ఆ స్థానము, పదసంఖ్య పెరిగినకొలది ఒక నియమముగా శ్రోతల మనస్సులలో స్థిరపడినది. కొన్ని పదములను అరువుగా తెచ్చుకొన్న భాష, క్రమముగా ఆ పదముల వెనుక ఉన్న శాస్త్రమును సయితము తనదిగా చేసికొన్నది. మోరిస్ హాలె, శామ్యూల్ జే కైజర్ అను విద్వాంసులు 1971లో ప్రకటించిన గ్రంథములో జర్మానిక్ నియమము, రోమను నియమము అను రెండింటి సహజీవనముగా ఈ చరిత్రను వివరించిరి.

నియమస్వరూపము

నేటి ఆంగ్లములో నామపదముల స్థితి స్థూలముగా ఇట్లు చెప్పవచ్చును. అంత్యాక్షరములో హ్రస్వాచ్చు ఉన్నచో దానిని లెక్కింపక విడిచి, ఉపాంత్యమును చూడవలెను. అది గురువైనచో ఊనిక అక్కడ, లఘువైనచో దానికి ముందరి అక్షరముపైన. హాస్పిటల్ అను పదములో పి లఘువు కనుక ఊనిక ఆదియందు.

క్రియలలో విడిచిపెట్టవలసినది అంత్యాక్షరము కాదు, అంత్యమందలి ఒక్క హల్లు మాత్రమే. దానిని తీసివేసిన పిమ్మట కూడ అంత్యాక్షరము గురువుగా మిగిలినచో ఊనిక దానిపైననే. డిసైడ్, మెయిన్‌టెయిన్ పదములలో దీర్ఘధ్వని కలదు. సెలెక్ట్ పదములో రెండు హల్లులున్నవి, ఒకటి పోయినను మరొకటి మిగులును. ఈ మూడింటిలోను ఊనిక అంతమందే. ఎడిట్, విజిట్, డెవలప్ పదములలో చివరి హల్లు తీసివేసినచో మిగులునది లఘువు. కనుక ఊనిక దానికి ముందరి అక్షరముపై పడును.

ఈ భేదము తెలిసినచో రికార్డ్, ప్రెసెంట్ వంటి జంటపదముల రహస్యము విడివడును. నామమైనపుడు అంత్యాక్షరము లెక్కలో లేదు కనుక ఊనిక ఆదియందు. క్రియయైనపుడు అంత్యాక్షరము లెక్కలో ఉండి, సంయోగముచే గురువై, ఊనికను తనవైపు లాగుకొనును. ప్రత్యయాంత విశేషణములలోను ఇదే న్యాయము. ఒరిజినల్ పదములో ఉపాంత్యమైన జి లఘువు, ఊనిక రి పైన. ఫండమెంటల్ పదములో మెన్ గురువు, ఊనిక దానిపైననే.

సంయోగ విచారము, అపవాదములు

పాణినీయమున ఏ సంయోగము పరమైనను పూర్వాక్షరము గురువే. ఆంగ్లములో అట్లు కాదు. ఆల్జిబ్రా అను పదములో జి తరువాత బకార రేఫలు కలసియున్నను, ఆ జి లఘువుగానే లెక్కింపబడి ఊనిక ఆదికి పోవును. స్పర్శము తరువాత రేఫ లేక లకారము వచ్చినచో ఆ రెండును కలసి తరువాతి అక్షరమునకే చెందును. పూర్వాక్షరముపై భారము మోపవు. ఈ సడలింపు లాటిన్ నుండి వచ్చినది. తెలుగు ఛందస్సులోను అచ్చతెనుగు పదములలో రేఫసంయుక్తమునకు ముందరి అక్షరమును తేల్చి పలికినపుడు లఘువుగా గ్రహించు సంప్రదాయము కలదు. వేర్వేరు భాషలు వేర్వేరు దారులలో నడిచినను, రేఫ విషయమున ఒకే సౌలభ్యమును కనుగొన్నవి. అట్లే పాదాంతలఘువును అవసరమును బట్టి గురువుగా గ్రహించుట మన ఛందస్సులో కలదు. పదాంతమును లెక్కనుండి విడిచిపెట్టుట ఆంగ్లములో కలదు. అంతము ప్రత్యేకస్థానమను ఎరుక రెండుచోట్లను ఉన్నది.

అపవాదములు లేవని చెప్పుట సత్యము కాదు. వనిల్లా పదములో పలుకబడు లకారము ఒక్కటే. ఉపాంత్యము లఘువు కావలెను, అయినను ఊనిక దానిపైననే ఉన్నది. ఇక్ అను ప్రత్యయముతో ముగియు పదములలో భారముతో పనిలేకుండ సాధారణముగా ఊనిక దానికి ముందరి అక్షరమున నిలుచును. అపవాదము నియమమును నిరాకరింపదు. ఉత్సర్గమును అపవాదము బాధించునను న్యాయము వ్యాకరణమును అభ్యసించినవారికి క్రొత్త కాదు.

ఆధునిక సిద్ధాంతము

1968లో నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలె కలసి ఆంగ్లధ్వనివ్యవస్థపై ప్రకటించిన బృహద్గ్రంథము, ఆంగ్లబలాఘాతమును సూత్రబద్ధముగా నిరూపించుటకు చేసిన మహాప్రయత్నము. అంతవరకు పదపదమునకు నిఘంటువు చూడవలసినదే అను అభిప్రాయము ప్రబలముగా ఉండెను. వారు దుర్బల సముదాయము, ప్రబల సముదాయము అను సంజ్ఞలతో నడిపిన విచారము వస్తుతః లఘుగురు విచారమే. 1977లో మార్క్ లిబర్‌మన్, ఆలన్ ప్రిన్స్ లయసంబంధమైన నిర్మాణమును ప్రతిపాదించిరి. పిదప బ్రూస్ హేస్ అంత్యభాగమును లెక్కనుండి తొలగించు పద్ధతిని విస్తరించి, అనేక భాషల బలాఘాతమును సమన్వయించెను. నేడు భాషాశాస్త్రజ్ఞులు లఘువునకు ఒక మోరా, గురువునకు రెండు మోరాలు అని లెక్కింతురు. మోరా యనునది మన మాత్రకు సమానమైన పరిమాణమే.

చామ్‌స్కీ 1965 నాటి గ్రంథపీఠికలో పాణిని వ్యాకరణమును తన పద్ధతికి పూర్వోదాహరణముగా స్మరించెను. సూత్రపద్ధతి, గురులఘు పరిభాష అను రెండు విషయములలో భారతీయుల ప్రాథమ్యము అంగీకరింపబడినదే. కాని ఆంగ్లభాషలో ఊనికను నడిపించు నియమము మాత్రము రోమునుండి వచ్చినది. దృష్టి వేరు, దృశ్యము వేరు. చూచు విధానములో ఋషిసంప్రదాయము అగ్రగామి. చూడబడిన వస్తువు మరొక జాతి వారసత్వము. ఈ రెండింటిని కలిపివేయుట సత్యమునకు అపచారము.

వేదస్వరమునకు ఈ విచారముతో గల ప్రయోజనము

ఇంతవరకు చెప్పినది భాషాచరిత్ర. ఆస్తికులకు దీనివలన కలుగు ప్రయోజనము మిక్కిలి గంభీరమైనది. వేదములో ఉదాత్తస్థానము గురులఘువులకు అధీనము కాదు. అగ్ని శబ్దము యొక్క తృతీయైకవచనమైన అగ్నినా అను రూపమును చూడుడు. మొదటి అక్షరము సంయోగముచే గురువు, నడిమిది లఘువు, చివరిది గురువు. ఉదాత్తము నడిమి లఘువుపైన ఉన్నది. రోమను నియమమునకు అలవడిన చెవి ఉపాంత్యము లఘువని చూచి, మొదటి అక్షరమునకే బలమునిచ్చును. అప్పుడు అనుదాత్తము కావలసినచోట ఊనిక పడును. ఉదాత్తము మరుగున పడును.

స్వరలోపము సామాన్యమైనది కాదని తైత్తిరీయసంహితలోని త్వష్ట వృత్తాంతము తెలుపును. ఇంద్రుని సంహరించు పుత్రుడు కలుగవలెనని త్వష్ట హోమము చేసెను. ఇంద్రశత్రు శబ్దములో అంతోదాత్తముగా పలికినచో తత్పురుషమై, ఇంద్రుని సంహరించువాడు అను అర్థము వచ్చును. పూర్వపదస్వరముతో పలికినచో బహువ్రీహియై, ఇంద్రుడు ఎవనికి సంహర్తయో వాడు అని అర్థము మారును. స్వరము మారినది, వృత్రుడు జన్మించి ఇంద్రుని చేతనే హతుడయ్యెను. రికార్డ్ అను పదములో ఊనిక మారినచో నామము క్రియగా మారును. మంత్రములో స్వరము మారినచో ఫలమే తలక్రిందులగును.

నేడు తెలుగు కుటుంబములు అనేక ఆంగ్లదేశములలో నివసించుచున్నవి. అచ్చట పెరుగు బాలునికి ఆంగ్లము చెవినిండ వినబడును. అతడు సంధ్యావందనమో, రుద్రాధ్యాయమో అభ్యసింపబూనినపుడు, తెలియకయే గురువుపై బలముంచి, లఘువులను క్షీణింపజేయుట సంభవించును. దానివలన మాత్రయు చెడును, స్వరమును చెడును. ఆ బాలుని మందలించుట పరిష్కారము కాదు. అతనికి ఆంగ్లములో బలము భారమును అనుసరించుననియు, వేదములో స్వరము భారమునుండి స్వతంత్రమనియు, ప్రతి లఘువును ఒక పూర్ణమాత్రకు అర్హమనియు విడదీసి చెప్పవలెను. భేదము తెలిసినవాడు రెండు భాషలను రెండు నియమములతో పలుకగలడు. తెలియనివాడు రెండింటిని చెడగొట్టును. అట్లే ఆంగ్లపదముల అక్షరములన్నింటిని సమానబలముతో పలుకు తెలుగు విద్యార్థికి, తాను పద్యములో నేర్చిన గురులఘువులే అజెండా, కెమెరా పదముల ఊనికను చూపు దీపములని చెప్పినచో భయము తొలగును.

శబ్దశాస్త్రము తిరస్కారమును నేర్పదు, అతిశయమును నేర్పదు, వినుటను నేర్పును. ఏ భాషలోని శబ్దమునైనను దాని నియమముతో వినగల శ్రోత్రమే వేదశబ్దమును దాని స్వరముతో నిలుపుకొనగలదు.

స్వస్తి.